కొండముచ్చు: ఆకు చుట్టూ అల్లుకున్న బతుకు

ఊరి చివర చింతచెట్టు మీద కొండముచ్చుల గుంపు వాలితే, అప్పటిదాకా పెరళ్లలో దౌర్జన్యం చేస్తున్న ఎర్రమూతి కోతులు మెల్లగా జారుకోవడం తెలుగు పల్లెలకు తెలిసిన సంగతే. అందుకే కొండముచ్చంటే కాస్త పెద్ద కోతి, కాస్త బలమైన కోతి, ముఖం నల్లగా ఉండే కోతి అన్న అభిప్రాయం స్థిరపడిపోయింది. అయితే ఆ రెండూ కోటిన్నర సంవత్సరాలకు పైగా వేర్వేరు దారుల్లో నడిచిన జంతువులు. కోతి ఏది దొరికితే అది తిని బతికే దారి పట్టింది. కొండముచ్చు ఆకును నమ్ముకుంది. దాని ఒంటి తీరు, రోజు గడిపే పద్ధతి, గుంపులో ఆడవాటి మధ్య సర్దుబాట్లు, మగవాటి మధ్య రక్తపాతం, వీటన్నిటినీ అర్థం చేసుకోవాలంటే మొదట ఆ ఆకు దగ్గరే మొదలుపెట్టాలి.

ముందు రూపం. బూడిద రంగు ఒళ్లు, నల్లటి ముఖం, కళ్ల మీద చూరులా ముందుకు పొడుచుకొచ్చిన నల్లటి బిరుసు కనుబొమలు. ముఖం చుట్టూ తెల్లటి వెంట్రుకలు అంచు కట్టినట్లు ఉంటాయి. తల, మొండెం కలిపి అరమీటరు నుంచి ముప్పావు మీటరు దాకా ఉంటే, తోక ఒక్కటే దానికంటే పొడవు, కొన్నిటికి మీటరు కూడా దాటుతుంది. మగది 11 నుంచి 18 కిలోలు, ఆడది 8 నుంచి 13 కిలోల దాకా తూగుతుంది. హిమాలయాల్లోని జాతి ఇంతకంటే బరువు, బొచ్చూ ఎక్కువ. చేతులకంటే కాళ్లు పొడవు కావడంతో నేల మీద నడిచేటప్పుడు నడుము భాగం ఎత్తుగా, ఠీవిగా కనిపిస్తుంది. ఒక కొమ్మ నుంచి మరో కొమ్మకు నాలుగు మీటర్లు అవలీలగా దూకుతుంది. పై నుంచి కిందికైతే పది మీటర్లు కూడా దానికి లెక్కలేదు.

దగ్గరగా చూసే అవకాశం దొరికితే చెయ్యి చూడాలి. నాలుగు వేళ్లూ సన్నగా, పొడవుగా ఉంటాయి. బొటనవేలు మాత్రం ఎదగడం మానేసినట్లు పొట్టిగా, మణికట్టు వైపు ఒదిగి ఉంటుంది. కోతి వేరుశనగ గింజను బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి ఒలిచినంత నేర్పు దీనికి లేదు. దాని అవసరమూ తక్కువే. కొమ్మను నాలుగు వేళ్లతో కొక్కెంలా పట్టి నోటి దగ్గరికి లాక్కుని, చిగురును పళ్లతో తుంచుకుంటుంది, లేదా గుప్పిటతో దూసుకుంటుంది. దవడ పళ్ల మీద కొసలు ఎత్తుగా, పదునుగా ఉండి కత్తెరలా పనిచేస్తాయి. కోతికి బుగ్గల్లో సంచులుంటాయి. కొబ్బరిచిప్ప దొరికిన కోతి దాన్ని నములుతూ కూర్చోదు, దొరికినంత బుగ్గల్లో కుక్కుకుని పరుగు తీస్తుంది. కొండముచ్చుకు ఆ సంచులు లేవు. ఆకు దోచుకుని దాచుకోవాల్సిన సరుకు కాదు మరి.

పుట్టినప్పుడు పిల్ల తల్లిలా ఉండదు. ఒళ్లంతా ముదురు గోధుమ రంగు, దాదాపు నలుపు. ముఖం మాత్రం పాలిపోయి, రక్తం పొంగినట్లు గులాబీ ఛాయలో ఉంటుంది. చెవులు తలకు మించి కనిపిస్తాయి. మూడు నాలుగు నెలలు గడిచేసరికి ఒళ్లు తెల్లబడి, ముఖం నల్లబడి రంగులు తారుమారవుతాయి. బూడిద రంగు గుంపులో ఈ నల్లటి ముద్ద దూరం నుంచే కంటికి తగులుతుంది. గుంపులోని ఆడవాటికి ఆ రంగు మీద విపరీతమైన ఆసక్తి. దాని సంగతి ముందు ముందు వస్తుంది.

గోదావరికి అటూ ఇటూ

భారతదేశమంతటా ఉన్న కొండముచ్చు ఒకటేనా? చాలాకాలం ఒకటే అనుకున్నారు. బెంగాల్ నుంచి వెళ్లిన నమూనా ఆధారంగా ఫ్రెంచ్ జంతుశాస్త్రవేత్త దుఫ్రేన్ 1797లో దీనికి శాస్త్రీయ వర్ణన ఇచ్చాడు. ఆ తర్వాత దాదాపు రెండు శతాబ్దాలపాటు హిమాలయాల నుంచి శ్రీలంక దాకా ఉన్నవన్నీ ఒకే జాతి, అందులో పదికి పైగా ఉపజాతులు అన్న లెక్క నడిచింది. 2001లో జంతువుల వర్గీకరణ నిపుణుడు కాలిన్ గ్రోవ్స్ ఆ పెద్ద జాతిని ఏడుగా విడగొట్టాడు. జన్యు పరిశోధనలు వచ్చాక ఆ ఏడింటిలో కొన్ని మళ్లీ కలిశాయి. హిమాలయాల్లో వేర్వేరు అనుకున్నవి ఒకే జాతి అని ఇటీవలి అధ్యయనాలు సూచిస్తున్నాయి. మరోవైపు ఒళ్లంతా నల్లగా ఉండే నీలగిరి కొండముచ్చు, శ్రీలంకలోని ఊదా ముఖపు కొండముచ్చు ఈ బూడిద రంగు వాటికి దగ్గరి బంధువులని తేలి, అవి కూడా సెమ్నోపిథెకస్ అనే ఇదే ప్రజాతిలోకి, అంటే దగ్గరి జాతుల సమూహంలోకి, చేరాయి. జాతుల సంఖ్య మీద వాదం ఇంకా తెగలేదు. కంటికి తెలిసే పెద్ద విభజన మాత్రం ఒకటుంది. దాని గీత తెలుగు నేల మీదుగానే పోతుంది.

ఆ గీతను తోక పట్టిస్తుంది. నేల మీద నడిచేటప్పుడు ఉత్తరాది కొండముచ్చు తోకను వీపు మీదుగా ముందుకు వంచుతుంది, తోక కొస తల వైపు చూస్తూ ఉంటుంది. దక్షిణాది కొండముచ్చు తోకను పైకి లేపి వెనక్కి వంచుతుంది, కొస వెనక వేలాడుతుంది. జంతుశాస్త్రవేత్త ఎం.ఎల్. రూన్వాల్ ఈ తేడాను దేశమంతటా పరిశీలించి, స్థూలంగా తపతి, గోదావరి నదులను సరిహద్దుగా చూపించారు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ప్రవీణ్ కారంత్ బృందం చేసిన జన్యు పరిశోధనలు కూడా ఉత్తరాది, దక్షిణాది కొండముచ్చులు వేర్వేరు శాఖలేనన్న మాటను బలపరిచాయి.

కాబట్టి ఆదిలాబాద్ అడవుల్లో కనిపించేదీ, శేషాచలం కొండల్లో కనిపించేదీ ఒకటి కాదు. మొదటిది ఎంటెల్లస్ జాతి: అరచేతులు, అరికాళ్లే కాదు, అరచేతి వెనకవైపూ నల్లగా ఉంటుంది, నెత్తి మీద కుచ్చు ఉండదు, పొట్ట వైపు కాస్త పసుపు ఛాయ. రెండోది ప్రయామ్ జాతి: నెత్తి మీద జుట్టు శిఖలా పైకి లేచి ఉంటుంది, చేతులు కాళ్లు లేతరంగులోనే ఉంటాయి. నదిని నేల మీద గీసిన గోడలా ఊహించుకోకూడదు. గోదావరి, కృష్ణల మధ్య ఉన్న నేల ఈ రెంటి కలగాపులగపు ప్రాంతం. అక్కడ తోక ఒకటి చెబితే చేతుల రంగు ఇంకొకటి చెప్పవచ్చు. మామూలు కోతుల్లోనూ ఇలాంటి సరిహద్దే ఉండటం ఆసక్తికరం. ఎర్రమూతి రీసస్ కోతి ఉత్తరాన, నెత్తి మీద టోపీ పెట్టినట్లు వెంట్రుకలుండే దక్షిణాది కోతి దక్షిణాన ఉండేవి. ఆ గీతను మాత్రం రీసస్ కోతి చెరిపేస్తూ దక్షిణానికి దూసుకొస్తోంది. కొండముచ్చు అంత దూకుడుగా విస్తరించలేదు. దొరికిందల్లా తినే జంతువు మనిషి వెంట రోడ్డు పట్టుకుని ఎక్కడికైనా వెళ్లగలదు, ఆకు తినే జంతువుకు ఆ వెసులుబాటు తక్కువ.

ఆకును అన్నంగా మార్చే కడుపు

అడవిలో అన్నిటికంటే సులువుగా దొరికేది ఆకు. అయినా దాన్ని ప్రధాన ఆహారంగా చేసుకున్న జంతువులు అంత ఎక్కువగా లేవు, కోతుల్లో మరీ తక్కువ. ఆకులో పీచు ఎక్కువ, శక్తి తక్కువ. పైగా చెట్టు తన ఆకును ఎవరూ తినకుండా వగరు పదార్థాలతో, కొన్ని చోట్ల విషాలతో కాపాడుకుంటుంది. పాలిచ్చి పెంచే ఏ జంతువూ సొంతంగా పీచును జీర్ణం చేసుకోలేదు. ఆ పని సూక్ష్మజీవులది. ఆవు, మేక తమ కడుపులో ఆ సూక్ష్మజీవులకు ఇల్లు కట్టి పెట్టాయి. కోతుల వంశంలో కొండముచ్చుల శాఖ విడిగా అదే ఉపాయం కనిపెట్టింది.

కొండముచ్చు కడుపు ఒకే సంచి కాదు. అది అరలు అరలుగా ఉంటుంది. ముందు భాగంలోని పెద్ద అరలో ఆమ్లం ఉండదు. నమిలిన ఆకు అక్కడ గంటల తరబడి నిలవ ఉండి పులుస్తుంది. సూక్ష్మజీవులు పీచును విడగొట్టి, ఒంటికి పనికొచ్చే ఆమ్లాలను విడుదల చేస్తాయి, ఆకులోని కొన్ని విషాలను కూడా విరిచేస్తాయి. ఆ తర్వాత ఈ సరుకంతా, సూక్ష్మజీవులతో సహా, ఆమ్లం ఉన్న వెనక భాగంలోకి జారుతుంది. అక్కడ కొండముచ్చు తనకు వండి పెట్టిన ఆ వంటవాళ్లనే తినేస్తుంది. వాటి కణాల్లోని మాంసకృత్తులు దానికి దక్కుతాయి.

ఈ చివరి పనిలో ఒక చక్కటి రహస్యం ఉంది. కన్నీటిలో, లాలాజలంలో ఉండి బ్యాక్టీరియా గోడను చీల్చే లైసోజైమ్ అనే ఎంజైమ్ ఉంది. సాధారణంగా అది ఆమ్లంలో పనిచేయలేదు. ఆవు కడుపులో మాత్రం ఆమ్లాన్ని తట్టుకునేలా మారిన లైసోజైమ్ ఉంటుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో అలన్ విల్సన్ బృందం కొండముచ్చు కడుపులోని లైసోజైమ్‌ను పరిశీలించి 1987లో ఫలితాలు ప్రకటించింది. ఆవుకూ కొండముచ్చుకూ ఏ దగ్గరి చుట్టరికమూ లేకపోయినా, రెంటి ఎంజైమ్‌లోనూ కొన్ని చోట్ల ఒకే రకమైన మార్పులు విడివిడిగా జరిగాయని తేలింది. ఒకే అవసరం రెండు వంశాలను అణువు స్థాయిలో ఒకే జవాబుకు చేర్చిందనడానికి జీవపరిణామ శాస్త్రం తరచుగా చూపించే ఉదాహరణల్లో ఇదొకటి.

ఇలాంటి కడుపుకు లాభాలతోపాటు ఇబ్బందులూ ఉన్నాయి. తియ్యటి మాగిన పండ్లు ఎక్కువగా పడితే ముందు అరలో చక్కెర ఒక్కసారిగా పులిసి ఆమ్లం పెరిగిపోతుంది, సూక్ష్మజీవుల ఇల్లే కూలిపోతుంది. అందుకే ఈ శాఖలోని జంతువులు చాలావరకు మాగిన పండుకంటే పచ్చికాయను, గింజను ఇష్టపడతాయి. బూడిద రంగు కొండముచ్చు తన బంధువుల్లోకెల్లా సర్దుకుపోయే రకం. ముదురాకు, లేతాకు, మొగ్గ, పువ్వు, కాయ, గింజ, బెరడు, జిగురు, అప్పుడప్పుడు పురుగులు, పుట్టమన్ను కూడా తింటుంది. ఎండాకాలం ముందు మోదుగ, బూరుగ పూలు విరగబూసినప్పుడు గుంపులన్నీ ఆ చెట్ల మీదే ఉంటాయి. మర్రి, రావి కాయలు వదలదు. చేలో పడితే పప్పుధాన్యాల పైరునూ, కూరగాయల మడినీ వదలదన్నది రైతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా ఏ ఆహారమూ దొరకని రోజుల్లో ముదురాకుతో నెట్టుకురాగలగడమే దాని అసలు బలం. గుడి మెట్ల మీద భక్తులు పెట్టే అరటిపండ్లు, బిస్కెట్లు, బన్నులు దాని కడుపు రూపొందిన పనికి పూర్తిగా వ్యతిరేకమైనవి. ప్రేమతో పెట్టినా సంగతి అదే.

కడుపులో ఆకు నానాలంటే సమయం కావాలి. కాబట్టి కొండముచ్చు దినచర్యలో బద్ధకంలా కనిపించేది చాలా ఉంటుంది. పొద్దున ఒక విడత మేత, మధ్యాహ్నం నీడలో కొమ్మకు చేరగిలబడి కాళ్లు వేలాడేసి కూర్చోవడం, ఒకదాని బొచ్చు ఒకటి దువ్వుకోవడం, సాయంత్రం మరో విడత మేత. పిరుదుల మీద వెంట్రుకలు లేని గట్టి మెత్తలు ఉండటం వల్ల కొమ్మ మీద గంటలు గంటలు కూర్చోవడం దానికి కష్టం కాదు. నీళ్ల అవసరం కూడా చాలావరకు ఆకుల్లోని తడితోనే తీరుతుంది.

ఇంత ఒదిగిపోయే గుణం వల్లే దాని నివాసాల జాబితా విచిత్రంగా ఉంటుంది. నేపాల్ హిమాలయాల్లో దాదాపు 4,000 మీటర్ల ఎత్తున, మంచులో నడిచే గుంపులున్నాయి. వాటికి చలికాలంలో బెరడే దిక్కు. ఇటు రాజస్థాన్‌లో జోధ్‌పూర్ చుట్టూ, థార్ ఎడారి అంచున, రాతి గుట్టల మీద వందల కొండముచ్చులు బతుకుతున్నాయి. మధ్య భారతంలోని సాల అడవులు, నల్లమలలోని ఆకురాల్చే అడవులు, శ్రీలంక ఎండు మైదానాలు, నగరాల నడిబొడ్డున పాత కోటలు, ఇలా అన్నీ దానికి ఇళ్లే. ఈశాన్య భారతం మాత్రం దీనిది కాదు. అక్కడ బంగారు కొండముచ్చు, టోపీ కొండముచ్చు వంటి వేరే ప్రజాతి జంతువులున్నాయి. రాత్రి మాత్రం అడవిలోనైనా ఊళ్లోనైనా ఎత్తు తప్పనిసరి: చెట్టు చిటారు కొమ్మలు, కొండచరియలు, చివరికి కరెంటు స్తంభాలు. చిరుతపులి భయం అలాంటిది.

చెట్టు మీద కళ్లు, చెట్టు కింద ముక్కు

అడవిలో కొండముచ్చును వేటాడేవి చాలానే ఉన్నాయి. చిరుత ముఖ్యమైనది. నేలకు దిగితే పెద్దపులి, రేచుకుక్కలు, ఏమరుపాటుగా ఉంటే కొండచిలువ. పులి జాడ కనిపెట్టగానే కొండముచ్చు గొంతులోంచి కరుకుగా దగ్గినట్లు 'ఖక్, ఖక్' మంటూ అరుస్తుంది. అభయారణ్యాల్లో పర్యాటకుల జీపు తోలే గైడ్లు ఇంజను ఆపి చెవి పెట్టేది ఈ అరుపు కోసమే. నెమలి బెదిరినా అరుస్తుంది, దుప్పి చిన్న అలికిడికే పిలుస్తుంది. కొమ్మ మీదున్న కొండముచ్చు ఒకే వైపు చూస్తూ ఆపకుండా అరుస్తోందంటే, అది జంతువును కళ్లారా చూసిందనే లెక్క.

ఈ కాపలా వల్ల ఎక్కువ లాభం పొందేది చుక్కల దుప్పి. మధ్యప్రదేశ్‌లోని కన్హా అభయారణ్యంలో పాల్ న్యూటన్ అనే పరిశోధకుడు ఈ రెండు జంతువుల సాంగత్యాన్ని లెక్కలు కట్టి పరిశీలించాడు. కొండముచ్చు చాలా దుబారా తిండి తింటుంది. కొమ్మ విరిచి నాలుగు చిగుళ్లు తుంచుకుని మిగతాది కిందికి విసిరేస్తుంది, కాయ కొరికి నచ్చకపోతే వదిలేస్తుంది. గడ్డి ఎండిపోయే రోజుల్లో దుప్పికి అందని ఎత్తులో ఉన్న ఆకూ పువ్వూ అలా కాళ్ల దగ్గరికి వచ్చిపడతాయి. దుప్పులు కావాలనే గుంపు కిందికి వచ్చి చేరతాయి. చెట్టు మీదున్నదానికి చూపు దూరం, కింద ఉన్నదానికి వాసన, వినికిడి చురుకు, ఒకదాని హెచ్చరిక రెండోది అర్థం చేసుకుంటుంది. దీన్ని అడవిలోని స్నేహమని చెప్పుకోవడం మామూలే. లెక్క చూస్తే దుప్పిదే పైచేయి. రాలిన మేతా హెచ్చరికా రెండూ దానికి దక్కుతాయి, కొండముచ్చుకు దక్కేది హెచ్చరిక ఒక్కటే.

గుంపుల మధ్య సంభాషణకు వేరే గొంతు ఉంది. తెల్లవారుజామున పెద్ద మగది చిటారుకొమ్మ నుంచి 'హూప్, హూప్' అని లోతైన గొంతుతో కేక వేస్తూ కొమ్మల మీద దబదబా దూకుతుంది. ఆ కేక అర్థం పొరుగు గుంపుకు తెలుసు: ఇక్కడ ఒక మగది ఉంది, బలంగానే ఉంది.

తల్లులు ఎందరో, తండ్రి ఒక్కడే

ఆకు ఆహారం కావడం గుంపు రాజకీయాన్ని కూడా మార్చేస్తుంది. పండ్ల చెట్టు ఒకటి దొరికితే దాన్ని ఆక్రమించుకోవచ్చు, కాబట్టి కొట్లాట లాభసాటి. మామూలు కోతుల్లో ఆడవాటి మధ్య కఠినమైన అంతస్తులు ఉండటానికి, తల్లి హోదా కూతురికి సంక్రమించడానికి ఇదొక కారణమని శాస్త్రవేత్తలు భావిస్తారు. ఆకు అడవంతా పరుచుకుని ఉంటుంది. ఒక కొమ్మ కోసం పక్కదానితో తగవు పడటంలో ఒరిగేదేమీ లేదు. కొండముచ్చుల్లో ఆడవాటి మధ్య పెద్దా చిన్నా లేకపోలేదు కానీ అది తలకిందులుగా ఉంటుంది. ఈడొచ్చిన పడుచు ఆడవి పైకి ఎగబాకుతాయి, వయసు పెరిగేకొద్దీ కిందికి జారతాయి. ముసలివి అంచున మిగులుతాయి.

గుంపు వెన్నెముక ఆడవే. అవి పుట్టిన గుంపులోనే బతుకంతా గడుపుతాయి. తల్లులు, కూతుళ్లు, పినతల్లులు, అక్కచెల్లెళ్లు కలిసిన చుట్టాల గుంపు అది. అందువల్ల పసిపిల్ల వారి ఉమ్మడి ఆస్తి అవుతుంది. పుట్టిన మొదటి రోజునే తల్లి చేతుల్లోంచి పిల్లను ఒకటి లాక్కుంటుంది, దాని నుంచి మరొకటి. నల్లటి ఆ పిల్ల గంటల తరబడి చేతులు మారుతూ ఉంటే, తల్లి ఆ సమయంలో తీరిగ్గా మేస్తుంది. మామూలు కోతి తన పసిపిల్లను ఇలా పరాయి చేతికి ఇవ్వదు, ఇస్తే తిరిగి దక్కుతుందన్న నమ్మకం దానికి లేదు. పిల్లలను ఎత్తుకోవడానికి ఎక్కువగా ఎగబడేది ఇంకా తల్లులు కాని పడుచు ఆడవి. వాటికి పని చేతకాదు. పిల్లను తలకిందులుగా పట్టుకుంటాయి, ఒక కాలు పట్టి ఈడ్చుకుపోతాయి, విసుగు పుడితే కొమ్మ మీద వదిలేసి పోతాయి. పిల్ల కీచుమంటే తల్లి వచ్చి తీసుకుంటుంది. తల్లికి తీరిక, పడుచువాటికి శిక్షణ, ఇద్దరికీ ఎంతో కొంత లాభమే. పిల్లకు ఏం లాభమో చెప్పడం కష్టం.

మగపిల్లల కథ వేరు. అవి పుట్టిన గుంపులో ఉండలేవు. మైదాన ప్రాంతాల్లో చాలాచోట్ల ఒక గుంపుకు ఒకే పెద్ద మగది. మిగతా మగవన్నీ బయట ముఠాలు కట్టి తిరుగుతూ, ఏ గుంపు నాయకుడు బలహీనపడ్డాడా అని చూస్తుంటాయి. దాడి చేస్తాయి, పెద్దదాన్ని తరిమేస్తాయి, తర్వాత తమలో తాము కొట్లాడుకుంటాయి, చివరికి ఒకటి మిగులుతుంది. జోధ్‌పూర్ గుంపులను ఏళ్ల తరబడి గమనించిన పరిశోధకుల లెక్కల్లో ఒక మగదాని పెత్తనం సగటున రెండేళ్లకు కాస్త పైన మాత్రమే. గద్దె దక్కిన మగదానికి ఉన్న గడువు అంతే.

అక్కడే ఈ జంతువు శాస్త్రచరిత్రలోకెక్కిన ఘట్టం ఉంది. 1950ల చివర్లో ఉత్తర భారతంలో కొండముచ్చులను పరిశీలించిన ఫిలిస్ జే వాటిని శాంతస్వభావం గల, సర్దుకుపోయే జంతువులుగా వర్ణించింది. ఆ వెంటనే 1960ల మొదట్లో కర్ణాటకలోని ధార్వాడ్ దగ్గర యుకిమారు సుగియామా అనే జపాన్ పరిశోధకుడు ఇంకో దృశ్యం చూశాడు. కొత్త మగది గుంపును గెలుచుకున్నాక అందులోని పాలుతాగే పిల్లలను ఒక్కొక్కటిగా కరిచి చంపింది. మగదాన్ని పరిశోధకులే కావాలని తప్పించిన ఒక గుంపులో కూడా, వచ్చిన కొత్తది అదే పని చేసింది. 1971లో జోధ్‌పూర్ నుంచి ఎస్.ఎం. మోహనోత్ అలాంటి సంఘటనలనే ప్రచురించారు. ఆ రోజుల్లో చాలామంది దీన్ని రోగలక్షణంగా చూశారు. గుంపులు మరీ కిక్కిరిసి, మనుషుల మధ్య పడి, మతి చెడి ఇలా చేస్తున్నాయన్నది వారి వాదన.

హార్వర్డ్ విద్యార్థిని సారా బ్లాఫర్ హ్రడీ 1971లో రాజస్థాన్‌లోని మౌంట్ అబూకు వచ్చింది కూడా కిక్కిరిసిన బతుకు ప్రభావాన్ని చూద్దామనే. చూసినకొద్దీ ఆమెకు ఆ వివరణ సరిపోలేదు. చంపుతున్నది గుంపులోని ఎవరో ఒకరు కాదు, బయటి నుంచి వచ్చిన మగది. చనిపోతున్నది ఏదో ఒక పిల్ల కాదు, అంతకుముందున్న మగదాని పిల్ల. కొండముచ్చు గర్భం దాదాపు 200 రోజులు. పుట్టాక ఏడాది, ఆ పైన కూడా పాలు తాగుతుంది, అంతకాలమూ తల్లి మళ్లీ ఎదకు రావడం ఆలస్యమవుతుంది. రెండేళ్ల పెత్తనం మాత్రమే ఉన్న మగదానికి ఆ నిరీక్షణ చాలా ఖరీదైనది. పిల్ల చస్తే తల్లి కొద్ది రోజుల్లోనో వారాల్లోనో మళ్లీ ఎదకు వస్తుంది. ఈ క్రూరమైన అంకగణితమే శిశుహత్యకు కారణమని హ్రడీ వాదించింది.

వాదం చాలా ఏళ్లు సాగింది. ఒకప్పుడు కొండముచ్చులను శాంతమూర్తులుగా వర్ణించిన జే, తర్వాత డోలినో అన్న ఇంటిపేరుతో రాస్తూ, దీన్ని గట్టిగా వ్యతిరేకించింది. హత్యలను కళ్లారా చూసిన సందర్భాలు తక్కువ, ఊహలు ఎక్కువ అన్నది వ్యతిరేకుల ఆక్షేపణ. అది తోసిపుచ్చదగ్గది కాదు. చివరికి సాక్ష్యం డీఎన్ఏ రూపంలో వచ్చింది. దక్షిణ నేపాల్‌లోని రామ్‌నగర్‌లో కరోలా బోరీస్ బృందం కొండముచ్చుల మలం నుంచి డీఎన్ఏ సేకరించి పితృత్వ పరీక్షలు చేసింది. 1999లో ప్రచురించిన ఫలితాల ప్రకారం దాడి చేసిన మగవాటికీ దాడికి గురైన పిల్లలకూ రక్తసంబంధం లేదు, ఆ తల్లులకు తర్వాత పుట్టిన పిల్లలకు తండ్రులు మాత్రం చంపినట్లు భావించిన ఆ మగవే. అదే రామ్‌నగర్‌లో గుంపుకు ఒకటికి మించి మగవి ఉంటాయి. తండ్రి కాగల అవకాశం ఉన్న మగవి పిల్లల పక్షాన నిలబడి కాపాడటమూ అక్కడే నమోదైంది.

ఆడవి చేతులు కట్టుకుని కూర్చోవన్నది హ్రడీ పరిశీలనల్లో ఇంకా విలువైన భాగం. మిగతా ఎన్నో కోతుల్లా కొండముచ్చు ఆడది ఎదకు వచ్చిన సంగతి శరీరం మీద పైకి కనిపించదు. అది తెలియజేసేది తల వణికింపుతో. తోక దించి, వెనుదిరిగి, తలను చలి పట్టినట్లు చకచకా వణికిస్తుంది. కొత్త మగది వచ్చినప్పుడు అప్పటికే గర్భంతో ఉన్న ఆడవి కూడా ఇదే సంజ్ఞ చేసి దానితో జతకట్టడం ఆమె చూసింది. పుట్టబోయే పిల్ల తనదేనేమో అన్న సందేహం మగదానిలో మిగిలితే చాలు. ఇక అంచున మిగిలిన ముసలివి. అబూ గుంపుల్లో 'సోల్' అని పేరు పెట్టిన ముసలి ఆడదానికి ఏ హోదా లేదు, మేతకు కూడా పక్కకు తప్పుకునేది. పిల్ల మీద మగది దూకినప్పుడు మాత్రం పడుచువాటికంటే ముందు అదే ఎదురెళ్లింది. ఇక పిల్లలు కనే వయసు దాటినదానికి, తన నెత్తురు పంచుకున్న పిల్లే మిగిలిన ఆస్తి. అందుకోసం గాయపడినా దానికి పోయేది తక్కువే.

మనిషి పక్కన

లంకాదహనంలో హనుమంతుడి ముఖం, చేతులు కాలి నల్లబడ్డాయన్న నమ్మకం ఈ జంతువును తుపాకీ నుంచి చాలా వరకు కాపాడింది. కుక్కల నుంచి, కరెంటు తీగల నుంచి, రోడ్డు మీది వాహనాల నుంచి కాపాడలేకపోయింది. ఉత్తరాది ఎంటెల్లస్ జాతికి అంతర్జాతీయ పట్టికల్లో ప్రస్తుతానికి పెద్ద ముప్పు లేదు. దక్షిణాది ప్రయామ్ జాతి ముప్పుకు చేరువలో ఉన్నట్లు నమోదైంది.

దాని చావు మనిషికి హెచ్చరికగా పనిచేసిన సందర్భం ఒకటుంది. 1957లో కర్ణాటకలోని షిమోగా జిల్లా క్యాసనూర్ అడవిలో కొండముచ్చులు, కోతులు వరసగా చచ్చిపడటం, చుట్టుపక్కల ఊళ్లలో జనం జ్వరాల పాలవడం వైద్యుల దృష్టికి వచ్చింది. అడవిలోని ఒక రకం పిడుదుల ద్వారా వ్యాపించే కొత్త వైరస్ అలా బయటపడింది. దానికి క్యాసనూర్ అటవీ వ్యాధి అని పేరు పెట్టారు, జనం కోతి జ్వరం అంటారు. ఇప్పటికీ ఆ ప్రాంతంలో అడవిలో కోతి చచ్చి కనిపిస్తే ఆరోగ్య సిబ్బంది కదిలేది అందుకే.

ఇక మొదట చెప్పిన తరిమివేత. కోతుల బెడద పెరిగిన నగరాల్లో కొండముచ్చును తాడు కట్టి తిప్పి కోతులను బెదరగొట్టడం ఢిల్లీలో ఏళ్లపాటు జీతమిచ్చి చేయించిన పని. వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్న జంతువును ఇలా బంధించి వాడుకోవడం కుదరదని 2012లో కేంద్ర పర్యావరణ శాఖ స్పష్టం చేసింది. దాంతో నగరపాలక మండలి కొండముచ్చులా అరవగల మనుషులను పెట్టుకుంది. అలా 40 మందిని నియమించినట్లు 2014లో అప్పటి పట్టణాభివృద్ధి మంత్రి వెంకయ్యనాయుడు రాజ్యసభకు తెలిపారు. 2023లో జీ20 సదస్సుకు ముందు ఢిల్లీ వీధుల్లో కొండముచ్చు బొమ్మల కటౌట్లు వెలిశాయి. తెలంగాణ పల్లెల్లో చేల గట్ల మీద, ఇళ్ల గోడల మీద కొండముచ్చు ఫ్లెక్సీలు కట్టడమూ ఇదే బాపతు.

వీటన్నిటి వెనక ఉన్న ఊహ ఒకటే: కొండముచ్చును చూస్తే కోతికి భయం. ఆ భయం అబద్ధం కాదు, ఎదురుపడితే శరీరం పెద్దదైన కొండముచ్చుదే పైచేయి అవుతుంది. ఆ పైచేయి అది అక్కడ ఉన్నంతసేపే. తాడు కట్టిన ఒంటరి మగది గుంపు నుంచి విడిపోయిన జంతువు. దానికి హద్దూ లేదు, కాపాడుకోవాల్సిన ఆడవీ లేవు, యజమాని వెళ్లాక అక్కడ ఉండాల్సిన కారణమూ లేదు. స్వేచ్ఛగా తిరిగే గుంపు సొంతంగా ఊరి పక్కన స్థిరపడితే కోతుల రాకపోకలు తగ్గవచ్చు. అందుకు గుంపు మొత్తానికి ఏడాది పొడవునా సరిపడా ఆకు కావాలి: మర్రి, రావి, చింత, వేప వంటి పెద్ద చెట్లు విడివిడిగా కాక కొమ్మ కొమ్మ తగిలేలా ఉండాలి. అలాంటి తోపులు కొట్టేసిన ఊరికి జీపులో తెచ్చి దింపిన కొండముచ్చు తిండి కోసం నేరుగా పొలాల మీద పడుతుంది, లేదా వచ్చిన దారి పట్టి వెళ్లిపోతుంది.